ఒప్పుకోలు ఆఁ

ఫోను ఇంకా రాలేదు. కల్లం చివర, కంచె పక్కన, సర్కారుతుమ్మ కింద ఉన్న ఈ బండరాయి మీద కూర్చుంటేనే సిగ్నల్ దొరుకుతుంది. కాస్త ఇటు జరిగితే గీతలన్నీ మాయం. అందుకని పొద్దున్నుంచీ రాయిని పొదుగుతున్న కోడిపెట్టలా ఇక్కడే ఉన్నాను. ఎదురుగా టార్పాలిన్ పట్టాల మీద పరిచిన మిరపకాయలు. ఎండ ఎక్కేకొద్దీ ఘాటు లేస్తోంది, ముక్కులోకి కాదు, ముందు గొంతులోకి దిగుతుంది అది, ఊరు వదిలి ఇన్నేళ్ళయినా గొంతు దాన్ని మర్చిపోలేదు. అమ్మ, వెంకటరావమ్మత్త ముక్కులకి గుడ్డలు కట్టుకుని తాలుకాయలు ఏరుతున్నారు. నాన్న కాళ్ళు ఈడ్చుకుంటూ నడిచి కాయ తిరగేస్తున్నాడు. అందరికీ పని ఉంది, నాకే లేదు. మధ్యాహ్నం నమాజు లోపు వస్తుందన్నారు ఫోను. వచ్చి ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుంది. ఆ రోజు హాట్‌లైన్‌లో నాతో పనిచేసే కోటేష్ పలికిన ఆఁ అనే మాటని సిస్టం ఒప్పుకోలుగా రాసుకుంది, మీరు ఏకీభవిస్తున్నారా? అవునంటే నేను మళ్ళీ నా కుర్చీలో కూర్చుంటాను, కోటేష్ ఉద్యోగం పోయి ఇంటికి పోతాడు. కాదంటే కోటేష్ బయటపడతాడు, నా లైసెన్సు పోతుంది. కాదంటే ఇంకోటి కూడా అవుతుంది, అది నాకూ కోటేష్‌కీ మించిన సంగతి, సిస్టం వినడంలోనే పొరబాటుందని తేలుతుంది, ఈ మధ్యాహ్నం దేశమంతా మొదలెడుతున్న దాన్ని ఆపాల్సి వస్తుంది. ఒక్క అక్షరం. దానికో సున్న కూడా కాదు, అరసున్న.

నేను ఆకాశంలో ట్రాఫిక్ పోలీసుని. అమ్మ ఊళ్ళో అలాగే చెప్పుకుంటుంది. మొదట్లో సరిదిద్దేదాన్ని, తర్వాత మానేశాను, ఎందుకంటే అదే నిజం, నోట్లో ఈల ఒక్కటే తక్కువ. చీకటి గదిలో స్క్రీన్ ముందు కూర్చుని, ఎవరు ఏ ఎత్తున పోవాలో, ఎవరు ముందు దిగాలో చెబుతాను. పాత దారులన్నీ వంకరవి. నేల మీద అక్కడక్కడ రేడియో స్టేషన్లుండేవి, విమానం ఒకదాని నెత్తి మీదికి వెళ్ళి, అక్కడ మలుపు తిరిగి, ఇంకోదాని నెత్తి మీదికి పోయేది, గుంటూరులో ఎక్కిన బస్సు చిలకలూరిపేటకీ మార్టూరుకీ ముఖం చూపించి గానీ ఒంగోలు చేరనట్టు. ఇప్పుడు ఉపగ్రహాలొచ్చాయి. నేల మీద ఎవర్నీ పలకరించక్కర్లేదు. దేశమంతా దారులు చెరిపి మళ్ళీ గీశారు, తాడు లాగినట్టు సూటిగా, ఇంధనం కలిసొస్తుంది, టైము కలిసొస్తుంది, నిజమే, నేనూ చప్పట్లు కొట్టాను. గీసినవాళ్ళకి ఆ గీత కింద ఏముందో తెలియక్కర్లేదు. ఒక గీత సరిగ్గా మా కల్లం మీదుగా పోయింది. మొదటిసారి స్క్రీన్ మీద చూసినప్పుడు గర్వంగా అనిపించింది, మా ఆకాశానికి అయిదక్షరాల పేరు కూడా పెట్టారు, ఏ భాషలోనూ అర్థం లేని పేరు, ఆ పేరు పలికినప్పుడల్లా నాకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగే ఈ ఘాటే గుర్తొచ్చేది. అదిగో, ఒకటి పోతోంది. ఎక్కే విమానం ఒగురుస్తుంది, దిగే విమానం ఈల వేస్తుంది. ఇది ఎక్కేది. దీనికి దారి ఇస్తున్న గొంతు ఇప్పుడు భవ్యది, నా కుర్చీలో, నా హెడ్‌సెట్ పెట్టుకుని. భవ్య మంచి పిల్ల. మాట మాటకీ ఆఁ అంటుంది.

ఆ రోజు ట్రయల్. కొత్త దారులు, కొత్త స్క్రీన్లు, మా వెనక నిలబడి చూసేవాళ్ళు. పై ఆకాశం నాది, కింది ఆకాశం కోటేష్‌ది, అతను వేరే ఊళ్ళో వేరే గదిలో ఉంటాడు, మా ఇద్దరి మధ్యా ఒక హాట్‌లైన్. ఒప్పందం ప్రకారం దిగుతున్న విమానాన్ని నేను పద్నాలుగు వేల అడుగుల దగ్గర ఆపి అతనికి అప్పగించాలి. అంతకంటే కిందికి దించాలంటే అడగాలి. అతను ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే అంకె తిరిగి చెప్పాలి. పుస్తకంలో అలాగే ఉంది, ఇంగ్లీషులో, గట్టిగా, ఒక్కో మాటా విడదీసి. కానీ అతనిది అద్దంకి, నాది ఈ ఊరు, ఏళ్ళ తరబడి ఒకే వైరుకి రెండు చివరల కూర్చున్న మనుషులం, మేము ఇంగ్లీషులో ఎంతసేపు మాట్లాడుకుంటాం? "కోటేష్, పైవాణ్ణి పన్నెండుకి దించెయ్యనా?" అన్నాను. "ఆఁ" అన్నాడు. స్క్రీన్ మీద విమానం పక్కనున్న చిన్న పెట్టె పచ్చగా మారింది. దించేశాను. కోటేష్ చేతిలో ఇంకోటి పైకెక్కుతోంది, అదీ కొత్త గీత మీదే. అద్దంకి పైన రెండు చుక్కలూ ఎర్రబడ్డాయి. నాకు అప్పుడు ఏమీ వినపడలేదు, గదిలో అందరూ లేచి నిలబడ్డారని తర్వాత చెప్పారు. విమానాల్లోనే ఉండే గంటలు మోగి, ఒకణ్ణి ఎక్కమని, ఒకణ్ణి దిగమని అరిచాయి, పైలట్లు విన్నారు, తప్పించుకున్నారు. లోపల కూర్చున్నవాళ్ళకి ఒక కుదుపు. ఎవరి చీర మీదో టీ ఒలికి ఉంటుంది. దిగి, సామాను తీసుకుని, ఆటోలు మాట్లాడుకుని వెళ్ళిపోయి ఉంటారు. ఆ ఆటోల్లో మనుషుల్ని ఇప్పటికీ ఒక్కొక్కరిగా లెక్కపెట్టుకుంటాను.

గోడలకి చెవులుంటాయనేవారు పెద్దలు. ఇప్పుడు నిజంగానే పెట్టారు. కొత్త సిస్టం హాట్‌లైన్ వింటుంది, విన్నది రాస్తుంది, ఒప్పుకున్నారనిపిస్తే పెట్టెని పచ్చగా మారుస్తుంది, దేశమంతా మొదలయ్యాక మనిషి అంకె తిరిగి చెప్పక్కర్లేదు. దాన్ని తయారుచేసిన కంపెనీ నుంచి చైతన్యకృష్ణ అనే అతను వచ్చి మాకు క్లాసు చెప్పాడు. నెమ్మదైనవాడు, ఎవర్నీ చిన్నబుచ్చడు. తెలుగు వాళ్ళు పని మధ్యలో తెలుగులోకి జారతారని మాకు తెలుసండి, అందుకే తెలుగు కూడా నేర్పాం, సరే, అలాగే, ఓకే, ఆఁ, ఊఁ, అన్నీ పడుతుంది అన్నాడు. అప్పుడు కోటేష్ చెయ్యెత్తాడు, వీడియోలో, అతని గదిలోంచి. "ఏంటీ అనే ఆఁ కూడా ఉంటుంది కదండీ, అదో?" అందరం నవ్వాం. చైతన్యకృష్ణ కూడా నవ్వి, అది చాలా అరుదుగా వస్తుందండి, చూస్తాం అన్నాడు. నవ్వింది ఎవరెవరో నాకు బాగా గుర్తుంది, అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. భోజనాలప్పుడు కూడా కోటేష్‌కి వీడియో కాల్ చేసి దాన్నే పట్టుకుని ఏడిపించాం, ఒరేయ్ పప్పు వెయ్యమంటావా అంటే ఆఁ, ఏ ఆఁరా అని. మనవాడిది సరసమే అనుకున్నాం. సరసం విరసమైంది.

"నగ్మమ్మా, ఎండలో మాడిపోతావు, ఇటొచ్చి కూర్చో" అంటోంది వెంకటరావమ్మత్త. ఫోను రావాలత్తా అన్నాను. ఏ ఫోనో ఆవిడకి తెలుసు, ఊరందరికీ తెలుసు, ఎవరూ అడగరు. అడగకపోవడం మా ఊరి మర్యాద కాదు, అంటే పరిస్థితి అంత బాగాలేదన్న మాట. ఆవిడ దోసిట్లో తెల్లబారిన కాయలు పక్కన పోస్తోంది. ఎర్రటి కాయల్లో తాలుకాయ దానంతటదే కనపడుతుంది, కళ్ళు పెట్టి వెతకక్కర్లేదు. మాటల్లో తాలు అలా కనపడితే ఎంత బాగుండు.

మా ఇంట్లో ఆఁ అనేది చిన్న మాట కాదు. తాత విల్లుతో దూది ఏకేవాడు, నాన్న ఆ విల్లు వదిలేసి జిన్నింగ్ మిల్లుకి పోయాడు, పత్తి నుంచి గింజ విడదీసే మిషన్ల మధ్య సగం జీవితం గడిపి చెవులు అక్కడే వదిలేసి వచ్చాడు. కుడి చెవి పూర్తిగా, ఎడమది చాలావరకు. మిల్లులో అందరూ పెదాలు చూసి మాట్లాడుకునేవాళ్ళట. ఎవరేం అడిగినా నాన్న ముందు ఆఁ అంటాడు, అంటే ఇంకోసారి చెప్పమని. నేను ట్రైనింగులో ఉన్నప్పుడు ఊళ్ళో మీటింగు పెట్టారు, విమానాలని కనిపెట్టే స్టేషన్‌కి కాస్త చోటు కావాలని. అప్పటికే తుళ్లూరులో రాజధానికి భూములు తీసుకుంటున్న కబుర్లు ఊరూరా నలుగుతున్నాయి, భూమి అనే మాట వినపడితే మనుషులు గుమిగూడేవాళ్ళు. మైకు గీపెడుతోంది. ఎవరో ఆఫీసరు ఆదాం గారూ, మీ దిగువ పొలం చెక్క ఇస్తున్నారా అని అడిగాడు, నాన్న చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని "ఆఁ?" అన్నాడు. సంతోషమండి అన్నాడాయన. చప్పట్లు. నాన్న కూడా కొట్టాడు, ఎవరికో ఏదో మంచి జరిగిందనుకుని. ఇంటికొచ్చాక తెలిసింది బావి ఉన్న చెక్క పోయిందని. అమ్మ ఆ రాత్రంతా తిట్టింది, చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఎందుకు కొరుకుతున్నావన్నాడట, మా ఇంట్లో శంఖానికి పొలమే రాసిచ్చాడు అని. మీరు అడుగుడు ఆఁ అన్నారని వాళ్ళకి చెప్పండి అంది. నాన్న వెళ్ళాడు, చెప్పాడు, వాళ్ళు ఏదో అన్నారు, నాన్న ఆఁ అన్నాడు. అంతటితో అయిపోయింది. అప్పట్నించీ మా ఇంట్లో ఎవరు ఆఁ అన్నా అమ్మ గరిటె పట్టుకుని నిలదీస్తుంది. "ఏ ఆఁ? అడుగుడు ఆఁనా, ఒప్పుకోలు ఆఁనా?"

ఆ చెక్కలోనే ఇప్పుడు ఆ తెల్లటి గుండ్రటి కప్పు ఉంది, ఇక్కణ్ణించి కనపడుతోంది, కంచె వేసి, తాళం వేసి. ఊళ్ళో దాన్ని గుడ్డు అంటారు. గుడ్డు పగిలి ఏం బయటికొస్తుందోనని బుల్లయ్య తాత హాస్యమాడేవాడు. నా స్క్రీన్ మీద కనిపించే చుక్కల్లో సగం ఆ గుడ్డు పంపేవే. మా నాన్న ఆఁ లోంచి మొలిచిన గుడ్డు చూపించిన చుక్కల్ని, కోటేష్ ఆఁ విని నేను ఒకదాని మీదికి ఒకటి తోలాను. దీన్ని ఎవరికైనా చెబితే కట్టుకథ అంటారు. ఆ రోజు మీటింగులో నేనుంటే ఏం చేసేదాన్ని? నాన్నకి వినపడలేదండీ అని అరిచేదాన్నా, కొత్త ఉద్యోగం మోజులో చప్పట్లు కొట్టేదాన్నా? తెలియదు. తెలుసు. తెలియదనుకుంటే బాగుంటుంది.

నికాహ్‌లో మూడుసార్లు అడుగుతారు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. ఆడవాళ్ళ గదిలో ఒకటే గోల, గాజులు, పిల్లలు, ఎవరిదో కొంగు నా ముఖం మీద, తలుపు దగ్గర నా ఒప్పుదల అడగడానికి వకీలుగా వచ్చిన పెదనాన్న ఏదో అడిగాడు, నాకు సగమే వినపడి "ఆఁ?" అన్నాను. పెళ్ళికూతురు ఆఁ అంది, అయిపోయింది అని ఎవరో నవ్వారు. పెదనాన్న నవ్వలేదు. అలా కాదమ్మా, విను, మళ్ళీ అడుగుతాను అన్నాడు. రెండోసారి, మూడోసారి. పూర్తిగా, మాటతో చెప్పించుకునేదాకా కదల్లేదు. మా ఆయన ఇషాక్ ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు, నువ్వు మొదటి ఆఁకే ఒప్పేసుకున్నావు అని, నేనేమో అది అడుగుడు ఆఁ అంటాను, ఆ మాట మీద ఎన్ని పోట్లాటలో, ఎన్ని నవ్వులో. ఒక ఆడదాన్ని ఒక ఇంటికి పంపడానికి మూడుసార్లు అడిగారు. నిండు విమానాన్ని రెండు వేల అడుగులు కిందికి పంపడానికి నేను ఒక్కసారే అడిగాను. పచ్చగా మారింది కదా. పచ్చగా మారాక ఇంకోసారి అడిగేవాళ్ళని చాదస్తం అంటారు మా గదిలో.

కోటేష్ పొద్దున ఫోన్ చేశాడు. బతిమాలుతాడనుకున్నాను, బతిమాలితే కోపం తెచ్చుకుందామని సిద్ధంగా ఉన్నాను కూడా. అప్పుడు అతని రెండో చెవిలో వేరే పైలట్ మాట్లాడుతున్నాడట, నా మాట తునకలుగా వినపడిందట, ఏంటీ అని అడిగాడట, నేను మళ్ళీ చెబుతానని ఆగాడట. ఆగాడు. నేను చెప్పలేదు. "నగ్మా, నేను అన్నది నువ్వు చెప్పక్కర్లేదు. నువ్వు విన్నది చెప్పు, చాలు" అన్నాడు. ఇంతకంటే పుండు మీద కారం ఏముంటుంది? విచారణ చేస్తున్న నాగేంద్రబాబు గారికి మొదటి రోజే చెప్పాను, గుర్తులేదు సార్, టేపు వినండి అని. ఆయన తల ఎత్తకుండా రాసుకుంటూ ఆఁ, ఆఁ అన్నాడు. టేపు ఆయన వినలేదు, సిస్టం విని రాసిన కాగితం చదివాడు. అందులో ఒప్పుకోలు అని ఉంది. కోటేష్ ఒప్పుకుని అంకె తిరిగి చెప్పలేదు, తన విమానాన్ని ఆపలేదు, తప్పు అతనిది. నాది కాదు. సిస్టంది అసలే కాదు. ఎంత శుభ్రంగా ఉందో ఆ కాగితం. ఈ కొత్త దారులు తెరిచే రోజు ముందే ఖాయమైపోయింది, ముహూర్తం దగ్గరపడ్డాక ఎవరికీ కొత్త మాట అక్కర్లేదు, వివరణలన్నీ ఇప్పుడు ఫోన్లోనే, భాష ఎంచుకుంటే ఆ భాషలో సిస్టమే అడుగుతుంది, మీరు ఊళ్ళోనే ఉండొచ్చమ్మా, ఎండన పడి రానక్కర్లేదు అన్నాడు నాగేంద్రబాబు గారు. మర్యాదస్తుడు. ఆ మర్యాదకే నాకు భయం వేసింది.

గుర్తులేదని ఎందుకన్నాను? ఇరవైసార్లు ఆ క్షణాన్ని వెనక్కి తిప్పి విన్నాను, పడుకుని, స్నానం చేస్తూ, బస్సులో. ప్రతిసారీ ఆఁ అనగానే పచ్చ రంగు వచ్చి దాన్ని కప్పేస్తుంది. ఆ మాట తోక నాకు దొరకదు. ఒప్పుకోలు ఆఁ కిందికి దిగుతుంది, అడుగుడు ఆఁ పైకి లేస్తుంది, మా పిల్లలకి కూడా తెలుసు, కానీ ఆ రోజుది ఎటు పోయిందో చూసేలోపు నా కళ్ళు రంగు చూశాయి. చెవి ఒకటి విని కన్ను ఒకటి చూస్తే మనిషి కంటినే నమ్ముతాడు. ఎండకి కాయలు చిటపటమంటున్నాయి. అమ్మ తుమ్మింది, వెంకటరావమ్మత్త తుమ్మింది, తుమ్ము కూడా అంటువ్యాధే ఇక్కడ. నాన్న కాళ్ళు ఈడ్చుకుంటూ నా దగ్గరికొస్తున్నాడు, వెనక్కి తిరిగాడు, ఇటు వీపు. కాలిజోళ్ళ చప్పుడు, కాయల గలగల. ఎందుకన్నానో తెలియదు, ఆ వీపుతో అన్నాను. "నాన్నా, ఈ కల్లం కూడా ఇచ్చేద్దామా?"

"ఆఁ?" అన్నాడు నాన్న, ఆగి, తిరగకుండానే.

అదే. సరిగ్గా అదే. చివర కాస్త పైకి లేచి, గాల్లో ఆగి, జవాబు కోసం నిలబడిన ఆఁ. కోటేష్ ఆఁ వెనక కూడా అలాంటి నిశ్శబ్దమే ఉంది, మాట అయిపోయాక ఫోను పెట్టేసిన నిశ్శబ్దం కాదు, ఎదురుచూసే నిశ్శబ్దం, అవతల ఒక మనిషి ఊపిరి తీసుకుని నా మాట కోసం ఆగిన చప్పుడు నేను విన్నాను. విన్నాను. ఆ రోజే విన్నాను. గుర్తులేకపోవడం కాదు, రంగు వచ్చేసింది కదా అని విననట్టు ఊరుకున్నాను. నాన్న ఇటు తిరిగి నా పెదాల వంక చూస్తున్నాడు, ఏమన్నావమ్మా అన్నట్టు. ఏం లేదని చెయ్యి ఊపాను. సరే, కాదంటాను. లైసెన్సు పోతే పోనీ, గుంటూరులో పిల్లలకి లెక్కలు చెప్పుకుంటాను, ఇషాక్ మందుల షాపులో కూర్చుంటాను, అమ్మ ట్రాఫిక్ పోలీసు అని చెప్పుకోవడం మానేస్తుంది. కాదు అనేది రెండక్షరాలు. కాదు. కాదు. నోట్లో పెట్టుకుని తిప్పుకుంటున్నాను, పోలిక పడని మాట, ఏ చెవీ దాన్ని అవునని పొరబడదు.

ఫోను మోగింది.

ఆడ గొంతు, మెత్తగా, ఎక్కడా తడబడని తెలుగు, ఏ జిల్లాదీ కాని తెలుగు. నమస్కారం నగ్మా గారూ అంది, నా పేరు అంత శుభ్రంగా మా వాళ్ళెవరూ పలకరు. సంఘటన నంబరు చెప్పింది, తేదీ చెప్పింది, కోటేష్ పూర్తి పేరు చెప్పింది, నేనెప్పుడూ వినని ఇంటిపేరుతో. అప్పుడే దక్షిణాన మోత మొదలైంది. దిగేది, ఈల వేస్తూ, మామూలు కంటే కిందుగా. ఫోను చెవికి నొక్కుకున్నాను. "సదరు అధికారి పలికిన" అంటోంది, ఈల దగ్గరవుతోంది, "ఆమోదంగా నమోదైన", పట్టాలు రెపరెపలాడుతున్నాయి, వెంకటరావమ్మత్త చెవులు మూసుకుంది, గుడ్డు పైనుంచి మా కల్లం మీదికి తెల్లటి పొట్ట ఒకటి వచ్చింది, నేను గీతగా మాత్రమే ఎరిగిన దారి, ఇంత మోతతో ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. ప్రశ్న అయిపోయిందో, ఇంకా అడుగుతోందో తెలియలేదు. ఎదురుగా మనిషి ఉంటే చెయ్యి చూపించి ఆపేదాన్ని. పుట్టినప్పట్నించీ నోటికి అలవాటైన మాట దానంతటదే వచ్చింది. "ఆఁ?" అన్నాను.

"ధన్యవాదాలు. మీ అంగీకారం నమోదైంది" అంది గొంతు. విమానం పోయాక వచ్చిన నిశ్శబ్దంలో ఆ మాట మాత్రం స్పష్టంగా వినపడింది. కట్ అయిపోయింది. తిరిగి చేశాను, ఈ నంబరుకి కాల్స్ రావంది అదే గొంతు.

నిజం చెప్పాలి, మొదట హాయిగా అనిపించింది. గుండెల మీంచి ఎవరో బస్తా దించినట్టు. నేను అవునన్లేదు, కాదన్లేదు, జరిగిపోయింది, విమానం అడ్డొచ్చింది, ఎవరైనా ఏం చేస్తారు. మళ్ళీ నా కుర్చీ, నా చీకటి గది, నా హెడ్‌సెట్. ఆ హాయి ఎంతసేపుందో తెలియదు, కోటేష్ ఊపిరి తీసుకుని నా మాట కోసం ఆగినంతసేపు ఉండి ఉంటుంది. అజాన్ వినపడింది. అంటే మధ్యాహ్నమైంది, మొదలెట్టేశారు. ఇప్పుడు దేశంలో ఎన్ని గదుల్లో ఎందరు ఆఁ అంటున్నారో, ఎన్ని పెట్టెలు పచ్చబడుతున్నాయో. ఉత్తరాన ఒగర్పు మొదలైంది, ఎక్కేది. దాని వెనకే, దక్షిణాన, ఇంకో ఈల. రెండూ మా గీత మీదికే. భవ్య అడుగుతూ ఉంటుంది, అవతల కొత్తవాడెవడో ఉంటాడు, కోటేష్ కుర్చీలో.

నాగేంద్రబాబు గారికి చేశాను. వెనక చప్పట్లు వినపడుతున్నాయి, మైకులో ఎవరో మాట్లాడుతున్నారు, ప్రారంభోత్సవం. "సార్, నేను నగ్మానండి. నేను ఒప్పుకోలేదండి. నాకు వినపడక ఆఁ అన్నాను. కోటేష్ కూడా ఆ రోజు వినపడకే అన్నాడు సార్, నేను విన్నాను, వినీ దించేశాను. సిస్టంకి తేడా తెలియట్లేదు సార్, ఆపండి, ఇప్పుడే ఆపించండి." ఒక్క గుక్కలో అనేశాను, గొంతు పగిలింది, ఘాటు వల్లో దేనివల్లో. అవతల చప్పట్లు. చప్పట్ల మధ్య ఆయన గొంతు.

"ఆఁ."

సార్ అన్నాను. సార్, ఏమన్నారు? ఫోన్లో సిగ్నల్ గీతలు లేవు. నేను ఎప్పుడు లేచి నిలబడ్డానో, రాయి దగ్గర్నించి ఎప్పుడు జరిగానో. తిరిగి రాయెక్కి ఫోను పైకెత్తాను, గుడ్డు వైపు, ఆకాశం వైపు. ఒగర్పూ ఈలా నెత్తి మీదికి వచ్చేశాయి, ఏది ఏదో విడదీయడానికి కళ్ళు మూసుకున్నాను, చెవులు రిక్కించాను, రెండూ కలిసి ఒకే మోత. అమ్మ తాలుకాయలు వదిలేసి లేచి పైకి చూస్తోంది. నాన్నకి మోత అంతగా వినపడదు, నా ముఖమే వినపడుతుంది, దగ్గరికొచ్చి నా భుజం పట్టుకున్నాడు.

"ఏమన్నాడమ్మా?"

"ఆఁ అన్నాడు నాన్నా" అన్నాను, పెదాలు కనపడేలా.

నాన్న నా పెదాల మీంచి చూపు తిప్పలేదు. "ఏ ఆఁ?" అన్నాడు.